నొక్కిన చెయ్యి

రెండో దెబ్బకు హేమమాలిని పెదవి చిట్లింది. రక్తాన్ని మణికట్టుతో తుడుచుకుంది గాని కాగితం మీద సంతకం మాత్రం పెట్టలేదు.

యువరాజ్ ఆ కాగితాన్ని మళ్ళీ బల్ల మీద సాపు చేసి, పెన్ను దాని పక్కన పెట్టాడు. ముందురోజే టైపు చేయించి తెచ్చాడు దాన్ని. అందులో మూడే వాక్యాలు. ట్రెయినీ ఆనంద్‌రాజ్ స్విచ్‌కి తాళం వేయకుండానే రన్‌వే పక్క కేబుల్ గుంటలోకి దిగాడు. కరెంటు ఇచ్చే ముందు సూపర్‌వైజర్ యువరాజ్ చూసినప్పుడు అక్కడ తాళం లేదు. పక్కనే ఉన్న ట్రెయినీ హేమమాలిని ఇందుకు సాక్షి.

విచారణ ఆ మధ్యాహ్నం మూడింటికి. ఇప్పుడు టైము పొద్దున ఎనిమిదిన్నర.

నిన్న సాయంత్రం నుంచి హేమమాలినిని లోపలి గదిలో పెట్టి గొళ్ళెం వేశారు. ఆమె ఫోను యువరాజ్ జేబులో ఉంది. కోడంబాక్కంలో ఆ ఇంటి కిటికీ రైలు పట్టాల వైపు. ఎలక్ట్రిక్ ట్రెయిన్ పోయిన ప్రతిసారీ మాటలు ఆగుతాయి, అది దాటిపోగానే మళ్ళీ అక్కడి నుంచే మొదలవుతాయి. దెబ్బలు మాత్రం రైలు కోసం ఆగలేదు.

“నువ్వు ఒక్క సంతకం పెడితే ఈ ఇల్లు నిలబడతాది,” అన్నాడు యువరాజ్. “లేదా, నన్ను తీసకపోయి లోపలేస్తారు. ఏది కావాల నీకు?”

“తాళం ఉండిందన్నా. నువ్వు కోసినావు.”

మూడో దెబ్బ చెంప మీద కాక చెవి మీద పడింది. హేమమాలిని బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఎడమ చెవిలో చాలాసేపు సన్నని కూత ఒకటి మోగుతూనే ఉండింది.

తండ్రి యతిరాజులు కుర్చీలో కూర్చుని చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని చూస్తున్నాడు. ముప్పై ఏళ్ళు సినిమా స్టూడియోల్లో లైట్‌మేన్‌గా చేసి, పైనుంచి పడి మోకాలు పోగొట్టుకున్న మనిషి. కొడుకుని ఆపలేదు. కూతురికి మాత్రం ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చాడు: వాడి భార్యకు నెలలు నిండాయని, పెద్దపిల్లని ఇప్పుడే బడిలో వేశారని, ఆ పిల్లవాడి చెయ్యి ఎలాగూ కాలిపోయింది, నువ్వు నిజం చెబితే అది మళ్ళీ వస్తుందా అని. తల్లి పుష్పవల్లి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. పెనం మీద దోసె మాడి పొగ వస్తున్నా వెనక్కి తిరగలేదు.

ఆ ఉద్యోగానికి హేమమాలినిని తీసుకుపోయింది యువరాజే. ఊరి శివార్లలోని వాయుసేన రన్‌వే మీద దీపాలు చూసుకునే కాంట్రాక్టు వాళ్ళు డిప్లొమా చేసిన తొమ్మిది మందిని ఆరు నెలల శిక్షణకు తీసుకున్నారు. తొమ్మిది మందిలో ఆడపిల్ల ఆమె ఒక్కతే. వాళ్ళకి పని నేర్పేది వరదరాజులు సార్. వాయుసేనలో పాతికేళ్ళు అదే పని చేసి రిటైరైన మనిషి. దీపాల పటం గీయడం దగ్గర మొదలుపెట్టాడు ఆయన. విమానం దిగే చోట పచ్చ దీపాలు, అంచుల వెంట తెల్లవి, రన్‌వే అయిపోయే చోట ఎర్రవి. ఒకదానికొకటి ఎంత దూరం, ఏ దీపం ఎంత వంపు, యుద్ధం వస్తే వేటిని ఆర్పేయాలి, బాంబు పడి తీగలు తెగితే బ్యాటరీ దీపాలు పరిచి రన్‌వేని ఎన్ని నిమిషాల్లో సిద్ధం చేయాలి. హేమమాలిని గీసిన నమూనాని ఆయన గోడకి అంటించాడు.

చేతిపనిలో మొనగాడు ఆనంద్‌రాజ్. మనలిలో నూనె డ్రమ్ములు మోసే మాదయ్య కొడుకు. వాడు వేసిన కేబుల్ అతుకుని వరదరాజులు బొటనవేలితో తడిమి చూసి, ఏమీ అనకుండా తరవాతి వాడి దగ్గరికి పోయేవాడు. ఆయన దగ్గర అంతకుమించిన మెప్పు లేదు.

మొదటి రోజే ఆయన చెప్పింది తాళం గురించి. రన్‌వే దీపాలన్నీ దండలో పూసల్లాగా ఒకే తీగ మీద ఉంటాయి. ఆ తీగ ఎక్కడైనా తెగి ఉండగా కరెంటు ఇస్తే, కరెంటు పంపే యంత్రం ఆగిపోదు. ఆ తెగిన చోటు దాటడానికి వేల వోల్టుల దాకా పెంచుకుంటూ పోతుంది. అందుకని గుంటలోకి దిగేవాడు ముందు స్విచ్ ఆపి, దానికి తన తాళం తానే వేసుకుని, తాళంచెవి తన జేబులో పెట్టుకుని పోవాలి. తాళం ఉందంటే మనిషి లోపల ఉన్నాడని అర్థం. ఇంకే అర్థమూ లేదు.

మొన్న మధ్యాహ్నం ఆనంద్‌రాజ్ అలాగే తాళం వేసి వెళ్ళాడు. హేమమాలిని యంత్రాల గదిలో రీడింగులు రాసుకుంటూ ఉంది. పన్నెండున్నరకల్లా దీపాలు సిద్ధమని కంట్రోల్ టవర్‌కి చెబుతానని యువరాజ్ మాట ఇచ్చి ఉన్నాడు. సాయంత్రం ఒక పెద్ద విమానం దిగాలి. అప్పటికే టైము దాటింది. టవర్ నుంచి రెండుసార్లు అడిగారు. గదిలోకి వచ్చి తాళం చూసి, వాడు తీయడం మరిచిపోయి తిండికి పోయినాడని తిట్టుకున్నాడు యువరాజ్. భోజనాల వ్యాను వెళ్ళడం తను చూశాడట. ఒకసారి ఫోను చేసి అడగమంది హేమమాలిని. దానికి టైము లేదన్నాడు. గోడకి వేలాడే, ఇనుము కోసే పెద్ద కత్తెర తీసి తాళం కోసేశాడు.

తాళం కోసిన కథ యతిరాజులుకి తెలుసు. కొడుకే చెప్పాడు. ఆ కోసిన ముక్కల్ని కాలవలో పారేసిన సంగతి కూడా చెప్పాడు. అయితే ఒకటి దాచాడు. అది హేమమాలిని కూడా రెండు రోజులుగా నోట్లోనే పెట్టుకుని ఉంది.

రైలు ఒకటి వచ్చి పోయింది.

“నాయనా,” అంది హేమమాలిని. “అన్న మీకు ఒకటి చెప్పలా. తాళం కోసింది అన్న. బటన్ నొక్కింది నేను.”

పుష్పవల్లి చేతిలోని అట్లకాడ కింద పడింది.

కత్తెర రెండు చేతులా పట్టుకుని ఉన్న యువరాజ్ నొక్కమన్నాడు. ఆమె నొక్కింది. అంతే జరిగింది. ముందు యంత్రం మామూలుగా హోరుమంది. తర్వాత ఆ హోరు మారింది. మీటరు ముల్లు పైకి పోతూనే ఉంది. ఆమే మళ్ళీ ఆర్పింది గాని, అప్పటికే కిటికీలోంచి ఆ దూరపు గుంట దగ్గర నీలం వెలుగు ఒకటి కనపడింది. వాళ్ళు పరిగెత్తి చేరేసరికి ఆనంద్‌రాజ్ గుంట బయట సిమెంటు మీద వెల్లకిలా పడి ఉన్నాడు. కుడి చేతి తొడుగు మాంసానికి అతుక్కుపోయి ఉంది. నోరు తెరుచుకుని ఉంది గాని అరుపు రావడం లేదు.

యతిరాజులు లేచాడు. కూతురి దగ్గరికి వస్తాడనుకుని ఆమె చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆయన కొడుకు దగ్గరికి పోయాడు. చేతికర్ర ఎత్తి భుజం మీద కొట్టాడు, మెడ మీద కొట్టాడు, వంగితే వీపు మీద కొట్టాడు. నాలుగో దెబ్బకి కర్ర విరిగింది. యువరాజ్ తప్పించుకోలేదు, అడ్డుకోలేదు.

“చెల్లెలి చేత నొక్కించినావా,” అన్నాడు యతిరాజులు. ఆయనకి ఊపిరి అందడం లేదు.

కుర్చీ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. తర్వాత చేతిలోని కర్ర ముక్క పారేసి, బల్ల మీది కాగితాన్ని వేలితో కూతురి వైపుకి తోశాడు.

“పెట్టు సంతకం. ముందు వాడొక్కడే పోయేవాడు. ఇప్పుడు ఇద్దరూ పోతారు.”

పుష్పవల్లి అప్పుడు నోరు తెరిచింది. ఆ ఆనంద్‌రాజ్ పోయిన నెల ఈ ఇంట్లో కూర్చుని మీతో పాటే అన్నం తిన్నాడని, చేపల పులుసు రెండోసారి అడిగి వేయించుకున్నాడని అంది. ఆమె పొయ్యి ఆర్పడానికి లోపలికి పోయింది.

మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. యువరాజ్ తలుపు సందులోంచి చూసి గబుక్కున మూయబోయాడు. బయటి నుంచి ఒక భుజం తలుపుకి తగిలింది. రెండోసారి తగిలినప్పుడు గడియ ఊడి లోపల పడింది.

వచ్చింది మాదయ్య. చొక్కా బొత్తాలు సగమే పెట్టి ఉన్నాయి. చేతిలో డ్రమ్ముల మూతలు పెకలించే ఇనప కడ్డీ. ఆయన ఏమీ అరవలేదు. పొద్దున ఆరు గంటలకు నా కొడుకు చెయ్యి మోచేతి దాకా తీసేసినారని, కరెంటు ఇచ్చిన చెయ్యి నీదేనని యువరాజ్‌కి చెప్పాడు. రోజూ వేళకి వచ్చే వార్త చెప్పినట్టు చెప్పాడు.

యువరాజ్ స్టూలు ఎత్తి విసిరాడు. అది మాదయ్య నుదుటికి తగిలి రక్తం కంట్లోకి కారింది. ఆయన తుడుచుకోలేదు. యువరాజ్‌ని గొంతు దగ్గర పట్టి గోడకేసి కొట్టాడు, కింద పడేశాడు, వీపు మీద మోకాలు పెట్టాడు. అడ్డం పోయిన యతిరాజులు మోకాలు పట్టు తప్పి బల్ల మీదికి పడ్డాడు. పక్క ఇళ్ళ వాళ్ళు మెట్ల మీద నిలబడి చూస్తున్నారు. ఒక్కరూ గుమ్మం దాటలేదు.

యువరాజ్ కుడి చేతిని గుంజి, గడప మీద చాపి పెట్టాడు మాదయ్య. కడ్డీ ఎత్తి ఒకసారి కొట్టాడు.

ఎండుకట్టె విరిగిన చప్పుడైంది. యువరాజ్ కేక వీధి చివరిదాకా వినపడి ఉంటుంది.

కడ్డీ మళ్ళీ లేచింది. హేమమాలిని వచ్చి గడప దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. అన్న చెయ్యి పక్కనే తన కుడి చెయ్యి పెట్టింది. ఎడమ చేత్తో దాన్ని గడపకి అదిమి పట్టుకుంది.

“నొక్కింది ఆ చెయ్యి కాదు, అంకుల్. ఇది.”

మాదయ్య ఒక్క కంటితో ఆమె చేతిని చూశాడు. రెండో కన్ను రక్తంతో మూసుకుపోయి ఉంది. చిట్లిన పెదవిని, ఉబ్బిన చెంపని చూశాడు. ఈ పిల్లను ఎవరు కొట్టారో, ఎందుకు కొట్టారో ఆయన అడగలేదు.

“నా కొడుకు తాళం వేసినాడా, లేదా,” అన్నాడు.

“వేసినాడు. నేను చూసినా. అన్న కోసినాడు.”

“నువ్వు ఎవురు ముందరైనా చెప్తావా ఈ మాట?”

“చెప్తా.”

కడ్డీ ఎత్తిన చెయ్యి దిగడానికి చాలాసేపు పట్టింది. దిగినాక ఆయన దాన్ని గోడకి ఆనించి పెట్టాడు, పని అయిపోయిన మనిషి లాగా.

“ముందు వాడికి చెప్పు. రెండు దినాలుగా నేనే తప్పు చేసినా నాయనా అని ఏడస్తా ఉండాడు.”

యతిరాజులు కింద కూర్చునే, పోవద్దని కూతురికి చెప్పాడు. ఆ తర్వాత బతిమాలాడు. పుష్పవల్లి కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని, విరిగిన చేతికి చీరకొంగు చుడుతూ ఉంది. అదే చేత్తో కొడుకు జేబులోంచి ఫోను తీసి కూతురికి అందించింది.

“పో,” అంది, తల ఎత్తకుండానే.

ఇద్దరూ ఆటో ఎక్కి ఆసుపత్రికి బయల్దేరారు. మాదయ్య తుండుగుడ్డ నుదుటికి అదిమి పట్టుకుని కూర్చున్నాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, వాడికి ఎడమ చేత్తో రాయడం రాదు పాపా అన్నాడు. ఆటో కదిలింది.

వార్డులో ఆనంద్‌రాజ్ గోడ పక్క మంచం మీద ఉన్నాడు. తల్లి లూర్దుమేరి కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. దుప్పటి కింద ఎడమ చెయ్యి ఆకారం పొడుగ్గా తెలుస్తోంది. కుడి వైపు కట్టు మోచేతితో ఆగిపోయింది. కనుబొమలు కాలిపోయి ముఖం ఎవరిదో లాగా ఉంది. గొంతు మాత్రం వాడిదే.

నిన్న మధ్యాహ్నం యువరాజ్ ఇక్కడికి వచ్చి వెళ్ళాడని వాడు చెప్పాడు. తాళం వేయడం మరిచిపోయినావు, షాకుకి నీకు జ్ఞాపకం లేదు అని మెల్లగా, అన్నలాగా చెప్పాడట. విచారణకి కావాలని ఒక కాగితం మీద ఎడమ బొటనవేలు ముద్ర తీసుకున్నాడట. వాడికి నిజంగానే జ్ఞాపకం లేదు. గుంట మూత ఎత్తింది జ్ఞాపకం ఉంది. దానికి ముందు ఏమీ లేదు.

“నేను తాళం వేసినానా అక్కా?”

“వేసినావు. రెండుసార్లు లాగి కూడా చూసినావు. నేను ఆడనే ఉండా.”

వాడు కళ్ళు మూసుకున్నాడు. ఎడమ చెయ్యి దుప్పటిని పట్టుకుని వదిలింది. లూర్దుమేరి ముఖం చీరలో దాచుకుంది.

మిగిలింది కూడా చెప్పాలి. హేమమాలిని నిలబడే చెప్పింది. కత్తెర సంగతి చెప్పింది. బటన్ సంగతి చెప్పింది. ముల్లు ఎంత పైకి పోయాక ఆర్పిందో చెప్పింది. చెబుతున్నంతసేపూ వాడు కళ్ళు తెరవలేదు.

“తాళం ఉంటే మనిషి లోపల ఉండాడని నీకు తెలుసు కదా,” అన్నాడు చివరికి.

“తెలుసు.”

“మరి ఎందుకు నొక్కినావు?”

వాడి గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదనిపించింది ఆమెకి. రెండు రోజులుగా ఆ ప్రశ్నకి పెద్ద పెద్ద జవాబులు తయారు చేసుకుంది. టవర్ తొందర అని, భోజనాల వ్యాను అని. ఇప్పుడు వెతికితే ఒక్కటే దొరికింది.

“అన్న నొక్కమన్నాడు. నొక్కినా.”

ఆనంద్‌రాజ్ గోడ వైపుకి ముఖం తిప్పుకున్నాడు. లూర్దుమేరి లేచి వచ్చింది. హేమమాలినిని జుట్టు పట్టుకుని మంచం దగ్గర నుంచి వెనక్కి లాగింది. ఒకసారి, ఇంకోసారి, పిడికిలితో గుండె మీద గుద్దింది. మాదయ్య వచ్చి భార్య చేతులు పట్టుకున్నాడు. నర్సు అరుస్తూ ఉంది. హేమమాలిని చేతులు అడ్డం పెట్టుకోలేదు.

గొడవ తగ్గాక నర్సు మాదయ్య నుదుటికి మూడు కుట్లు వేయించి పంపింది. ఆయన వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. హేమమాలిని అదే బెంచీకి ఇంకో చివర కూర్చుని వరదరాజులు సార్‌కి ఫోను చేసింది. మూడింటికి వస్తున్నానని, వచ్చి తాళం ఉండిందని చెబుతానని అంది. వచ్చేటప్పుడు ఆ మాట మార్చకుండా వస్తే చాలన్నాడు ఆయన.

అప్పటికి రెండు కావస్తోంది. వరండా ఆ చివర నుంచి యతిరాజులు కుంటుతూ రావడం కనపడింది. పక్కన ఒక సబ్‌ఇన్‌స్పెక్టర్, ఒక కానిస్టేబుల్.

సబ్‌ఇన్‌స్పెక్టర్ పేరు గోవిందన్. తమిళంలో, మర్యాదగానే మాట్లాడాడు. యువరాజ్ చెయ్యి రెండు చోట్ల విరిగిందన్నాడు. ఇంట్లో జొరబడి కొట్టింది ఈయనేనని కంప్లయింటు ఇచ్చారన్నాడు. మెట్ల మీద నిలబడి చూసిన వాళ్ళందరూ తాము ఆ సమయానికి ఇంట్లోనే లేమని చెప్పారట. తల్లి నోరు విప్పలేదట. ఇక మిగిలింది నువ్వు, నువ్వు చూశావా అని అడిగాడు.

హేమమాలిని మాదయ్య వైపు చూసింది. ఆయన నేల వైపు చూస్తున్నాడు. వార్డు తలుపులో లూర్దుమేరి నిలబడి ఉంది. చూశానంటే, చెయ్యి పోయిన కొడుకుని మంచం మీద వదిలి ఆయన జైలుకి పోతాడు. చూడలేదంటే, ఇంకో గంటలో ఇంకో బల్ల ముందు నిలబడి ఆమె చెప్పబోయే మాటకి విలువ ఏముంటుంది.

“చెప్పు,” అన్నాడు యతిరాజులు. “నిజం చెప్తానని కదా ఇల్లు దాటి వచ్చినావు. ఈడ కూడా చెప్పు.”

గోవిందన్ ఆమె చిట్లిన పెదవి వంక చూస్తూ కాచుకున్నాడు.

“చూసినాను సార్,” అంది హేమమాలిని.

మాదయ్య లేచి నిలబడి, ఎవరూ అడక్కముందే రెండు చేతులూ ముందుకు చాచాడు. లూర్దుమేరి తలుపు పట్టుకుని కిందికి జారిపోయింది.

“అయితే ఈ పొద్దుటి నుంచి రాసుకుంటే కాదు సార్. మొన్న మధ్యాహ్నం నుంచి రాసుకోవాల. మొదటి పేరు నాది, రెండోది మా అన్నది. ఈయనది మూడోది.”

యతిరాజులు గోడకి చెయ్యి ఆనించుకున్నాడు. గోవిందన్ ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. కానిస్టేబుల్‌ని ఆగమని సైగ చేసి, బెంచీ మీద కూర్చుని పుస్తకం తెరిచాడు. పేరు అడిగాడు. చెప్పింది. తండ్రి పేరు అడిగాడు.

హేమమాలిని నోరు తెరిచే లోపల, “యతిరాజులు” అని తండ్రే చెప్పాడు.

ఆ తర్వాత ఆయన జేబులోంచి ఫోను తీసి, కాలు ఈడ్చుకుంటూ మెట్ల వైపు నడిచాడు. హేమమాలినికి ఎడమ చెవి ఇంకా సరిగా వినపడటం లేదు. తల తిప్పి కుడి చెవితో వింది.

“యువరాజూ,” అంటున్నాడు ఆయన, “ఆ కట్టు కట్టించుకున్న చోటనే ఉండు. యాడికీ కదలొద్దు. నేను వస్తా ఉండా.”

కొడుకుని పట్టుకొచ్చి ఇక్కడ నిలబెట్టడానికో, ఎక్కడికైనా దాటించడానికో ఆ గొంతులో తెలియలేదు. మొన్న మధ్యాహ్నం ఎన్ని గంటలకి అని గోవిందన్ రెండోసారి అడుగుతున్నాడు.

“పన్నెండు నలభైకి సార్,” అంది హేమమాలిని, మెట్లు దిగిపోతున్న తండ్రి వీపు నుంచి చూపు తిప్పకుండా.